క్షయ వ్యాధి: అపోహలు, వాస్తవాలు, మధ్యలో పోతున్న వారాలు

గుంటూరులో ఊపిరితిత్తుల వైద్యం చేస్తూ చాలా ఏళ్లుగా క్షయ రోగులను చూస్తున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి రోగినీ ముందుగా అడిగేది ఒకటే: దగ్గు మొదలై ఎన్ని వారాలయింది? రెండు వారాలన్న జవాబు అరుదుగా వినిపిస్తుంది. రెండు నెలలంటారు, నాలుగు నెలలంటారు, ఎండలు ముదిరాక వచ్చి సంక్రాంతికి ముందు నుంచీ ఉందంటారు. ఈ ఆలస్యానికి రోగి ఒక్కరే కారణమని నేను అనుకోను. ఇంటివారు, మందుల షాపు, వైద్యులమైన మేము, అధికారులు, ఇలా ప్రతి ఒక్కరికీ కొన్నాళ్లు ఆగడానికి ఒక నమ్మకం ఆసరాగా దొరికింది. అలాంటి నమ్మకాలను కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్షయ పాతకాలపు జబ్బు, ఇప్పుడు పెద్దగా లేదు.

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేదని ఈ ప్రాంతపు పెద్దవారికి తెలుసు. శానిటోరియంతో పాటే జబ్బు కూడా వెళ్లిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మంచి మందులు వచ్చి, రోగిని నెలల తరబడి ఊరికి దూరంగా ఉంచాల్సిన అవసరం మాత్రమే పోయింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. ఏటా దాదాపు 3 లక్షల మంది, అంటే రోజుకు 800 మందికి పైగా, ఈ జబ్బుతో మన దేశంలో చనిపోతున్నారు. సాధారణ క్షయకు ఆరు నెలల మందు సరిపోతుందన్న సంగతి తెలిసి కూడా ఈ మరణాలు మనకు వార్తగా కనిపించడం లేదు.

2025 నాటికి క్షయను నిర్మూలిస్తామని, 2015తో పోలిస్తే కొత్త కేసులను 80 శాతం తగ్గిస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2015 నుంచి 2023 వరకు వచ్చిన తగ్గుదల 18 శాతం లోపే. ప్రపంచ సగటు కంటే ఇది మెరుగైనదే, ఆ మేరకు క్షేత్రస్థాయి సిబ్బంది శ్రమను నేను గౌరవిస్తాను. అయితే ఇంత పెద్ద లక్ష్యం తప్పిపోతే ఎక్కడా గట్టి చర్చ జరగకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అపోహ: ఈ దగ్గు మిరపకాయల ఘాటు వల్ల వచ్చిందే.

గుంటూరులో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే అపోహ ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేవారికి, కాయల తొడిమలు తీసే ఆడవారికి సీజనంతా గొంతు మండుతుంది, తుమ్ములూ దగ్గూ వస్తాయి. ఆ దగ్గుల మధ్యే క్షయ దగ్గు కూడా దాక్కుంటుంది.

తొడిమలు తీసే పని చేసే ఒకామె నాలుగు నెలల దగ్గుతో వచ్చింది. సంచిలోంచి ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టింది: మూడు దగ్గు మందు సీసాలు, సగం వాడిన లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రల అట్ట, మడతలు పడి చిరిగిపోతున్న రెండు చీటీలు. "ఘాటండీ, యార్డులో అందరికీ ఉండేదే" అంది. సాయంత్రం పూట జ్వరం వస్తోందా అని అడిగితే, వస్తోందనీ, పని అలసటేమో అనుకున్నాననీ చెప్పింది. జాకెట్టు వదులైపోయి పక్కలకు పిన్నులు పెట్టుకుని ఉంది. అంత బరువు తగ్గిన మనిషిని అప్పటికే ముగ్గురు చూశారు, ఒక్కరూ కళ్లె పరీక్ష రాయలేదు. ఆ ముగ్గురిలో ఒకరు నా వంటి వైద్యులే కాబట్టి, ఈ తప్పును మందుల షాపు మీదకు నెట్టేసి నేను తప్పించుకోలేను.

లెవోఫ్లాక్సాసిన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది క్షయ క్రిమి మీద కూడా పని చేసే మందు. వారం రోజులు వాడితే కొందరిలో జ్వరం, దగ్గు తగ్గినట్టు అనిపించి, నయమైపోయిందని మనిషి పనికి వెళ్లిపోతాడు. క్రిమి మాత్రం చావదు. పైగా మామూలు మందులకు లొంగని మొండి క్షయ చికిత్సకు దాచుకోవలసిన ఈ మందుకు క్రిమి ముందుగానే అలవాటు పడే ప్రమాదం ఉంటుంది. దగ్గు రెండు వారాలు దాటితే, అది ఏ ఘాటు వల్ల వచ్చిందని అనిపించినా, పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: కళ్లెలో లేదన్నారు కాబట్టి టీబీ లేనట్టే.

మైక్రోస్కోపులో కనిపించాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో వేల సంఖ్యలో క్రిములు ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్నవారు తప్పిపోతారు. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు చాలా తక్కువ క్రిములను కూడా పట్టుకుంటాయి, ఆ క్రిమి క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు మొండికేసిందా లేదా కూడా చెబుతాయి. అనుమానం ఉంటే ఎక్స్‌రేతో పాటు ఈ పరీక్ష చేయమని గట్టిగా అడగండి. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 40 శాతానికి పైగా రోగులు దొరికేవారే కాదని తేలింది. లక్షణాలున్నవారిలో సుమారు 64 శాతం మంది అసలు ఏ వైద్యం కోసమూ వెళ్లలేదని కూడా ఆ సర్వే చెప్పింది.

అపోహ: మందులు ఉచితంగా ఇస్తున్నాం, మధ్యలో మానేస్తే తప్పు రోగిదే.

సమీక్షా సమావేశాల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. 2024 మార్చిలో మందుల సరఫరా సరిగా లేక, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోమని కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. రోజూ వేసుకోవలసిన మాత్రలు రెండు రోజులకొకసారి చేతికి వస్తుంటే, ఆ రోగిని మానేసినవాడని రిజిస్టరులో ఎలా రాస్తాం? పోషకాహారానికి నెలకు 500 రూపాయలిచ్చే పథకం 2018లో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. ఇది మంచి పెంపు. కానీ బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు కుదరక నెలలు గడిచినవారిని నేను చూశాను, వారికి ఆకలి ఎక్కువగా ఉండే మొదటి రెండు నెలల్లో ఆ డబ్బు అందదు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, రోగి ఇంట్లోని మిగతావారికి నెలనెలా బియ్యం, పప్పు ఇస్తే వారికి క్షయ రావడం 39 నుంచి 48 శాతం తగ్గింది. పట్టెడు అన్నం కూడా ఈ జబ్బుకు మందేనని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అపోహ: కోవిడ్‌తో జాగ్రత్తలు అలవాటయ్యాయి, క్షయకూ అది మేలే చేసింది.

దేశంలో 2019లో సుమారు 24 లక్షల మంది క్షయ రోగులు నమోదైతే, 2020లో ఆ సంఖ్య 18 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గలేదు, వెతకడం ఆగింది. యంత్రాలు, సిబ్బంది, వార్డులు కోవిడ్‌కు మళ్లాయి. అప్పట్లో అది తప్పనిసరే కావచ్చు. కానీ ఒక అంటువ్యాధి కోసం ఊరంతటినీ కదిలించగలిగిన మనం, రెండో అంటువ్యాధి కోసం ఒక వీధిని కూడా కదిలించలేకపోతున్నాం.

అపోహ: కంచం, గ్లాసు వేరు పెడితే ఇంట్లోవారికి రాదు.

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది, కంచం వల్ల రాదు. విజయవాడ కొండ ప్రాంతాల్లోని ఒంటిగది ఇళ్లలో కంచం వేరు చేసి, కిటికీ మూసి పడుకోబెట్టిన రోగులను చూశాను. కిటికీ తెరవండి, కంచం కలిపే ఉంచండి. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ పరీక్ష చేయించండి. జబ్బు లేదని తేలినవారికి నివారణ మందు ఉంది.

ఆ తొడిమల పని చేసే ఆమెకు క్షయ నిర్ధారణ అయింది, మందులు మొదలయ్యాయి. మూడో నెలలో వచ్చినప్పుడు ఆమె కార్డు చూశాను. కుటుంబ సభ్యుల పరీక్ష అన్న గడిలో ‘పూర్తి’ అని రాసి ఉంది. ఇంటికి ఎవరు వచ్చారమ్మా అని అడిగితే, ఎవరూ రాలేదండీ అంది. చిన్నమ్మాయిని మర్నాడు తీసుకురమ్మన్నాను. పిల్ల మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ ఉంది, రెండు నెలలుగా ఉందట. సూదితో నమూనా తీసి సీబీనాట్‌కు పంపితే క్షయ అని వచ్చింది. తల్లి మందు ఇప్పుడు పూర్తయింది, కూతురికి ఇంకా మూడు నెలలుంది. ఆ రోజు ఆ గడిలోని ‘పూర్తి’ని కొట్టేసి, పక్కన తేదీ వేసి, ఇంట్లోవారి పేర్లు ఒక్కొక్కటిగా నేనే రాశాను.