ఒక ఒరలో రెండు కత్తులు

పాత లినక్స్‌లో కిటికీల తెర నుంచి అక్షరాల తెరకి వెళ్ళడానికి కంట్రోల్-ఆల్ట్-ఎఫ్1 నొక్కితే స్క్రీన్ నల్లబడి, కాసేపటికి అక్షరాలు వచ్చేవి. ఇప్పుడు తెర రెప్పపాటులో మారుతోంది. ఏం మారిందని ఒక పాఠకుడు అడిగారు. పెత్తనం మారింది.

ముందు ఒక లెక్క. 1920×1080 తెరకి సెకనుకి 60 బొమ్మలు పంపాలంటే, గ్రాఫిక్స్ చిప్ మామూలుగా 2200×1125 చుక్కలకి సరిపడా సమయం తీసుకుంటుంది. అడ్డంగా 280, నిలువుగా 45 అదనం! గాజు గొట్టం మానిటర్లలో ఎలక్ట్రాన్ల పుంజం ఒక వరుస గీశాక, టైప్‌రైటర్ బండిలా మళ్ళీ వరుస మొదటికి రావాలి, తెరంతా గీశాక మళ్ళీ పైకి వెళ్ళాలి. ఆ తిరుగు ప్రయాణానికి వదిలిన ఖాళీ అది. ఇప్పుడు పుంజమే లేదు, ఖాళీ మాత్రం మిగిలింది. హెచ్‌డీఎంఐ కేబుల్ శబ్దాన్ని పంపేది ఆ ఖాళీలోనే. మొత్తం 2200×1125×60, అంటే సెకనుకి 14.85 కోట్ల చుక్కలు. ఈ అంకెల్ని చిప్ రిజిస్టర్లలో, అంటే చిప్‌లోని చిన్న గళ్ళలో, రాయడమే మోడ్ సెట్టింగ్.

ఒకప్పుడు వీటిని సెట్టింగ్‌ల ఫైల్లో చేత్తో రాసేవాళ్ళం. తప్పు రాస్తే మానిటర్ కాలిపోతుందని టెన్షన్. కొన్ని పాత మానిటర్ల విషయంలో అది నిజమే కూడా. అందుకే ఎవరికో పనిచేసిన లైన్‌ని అర్థం తెలియకపోయినా మంత్రంలా దించేసేవాళ్ళం.

ఇంతకీ అప్పట్లో చిప్‌లో రాసేదెవరు? అక్షరాల తెర కెర్నెల్‌ది, అంటే లినక్స్ గుండెలాంటి ప్రోగ్రాముది. కిటికీల తెర దాన్ని గీసే ఎక్స్ సర్వర్ అనే వేరే ప్రోగ్రాముది. అది రూట్ అధికారంతో, అంటే ఏమైనా చేయగల అధికారంతో, నేరుగా చిప్ మీదే చెయ్యి వేసేది. ఒకరు రాసింది రెండోవారికి తెలియదు. కాబట్టి తెర మారినప్పుడల్లా అంకెలన్నీ కొత్తగా రాయాలి. ఆ నలుపు అదే. ల్యాప్‌టాప్ నిద్రపోతే రిజిస్టర్లు చెరిగిపోతాయి, లేచాక అక్కడ ఏముండాలో కెర్నెల్‌కి తెలియదు. ఇంకా ఘోరం, కిటికీలు తెరిచి ఉండగా కెర్నెల్ కూలితే, ఆ మాట చెప్పుకోవడానికి దానికి తెర దొరికేది కాదు. బొమ్మ అలాగే బిగుసుకుపోయేది.

2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌తో ఇంటెల్ చిప్‌ల మోడ్ సెట్టింగ్ కెర్నెల్‌లోకి వచ్చింది. ఏఎమ్‌డీ చిప్‌ల రేడియాన్, ఎన్విడియా చిప్‌ల నూవో డ్రైవర్లు తర్వాత చేరాయి. కెర్నెల్ ఎంత చిన్నదైతే అంత మేలని క్లాసులో చెప్తాం కదా, ఇదేమిటి అనొచ్చు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 గీసే పనిని కూడా లోపలికి తెచ్చింది. నాకది నచ్చదు. ఇక్కడ కిటికీలు గీసే పని బయటే ఉంది. మానిటర్ తన కొలతలు తానే చెప్పే 128 బైట్ల ఈడీఐడీ చదివి, అంకెలు రాసి, గుర్తుపెట్టుకునే పని కెర్నెల్‌ది. ఎక్స్‌ని రూట్ లేకుండా నడపడం ఆ తర్వాతే వీలైంది.

కూలినప్పుడు చెప్పుకోవడం మాత్రం చాలా ఆలస్యమైంది. 2024లో వచ్చిన 6.10 కెర్నెల్ నుంచి, ముందు కొన్ని డ్రైవర్లతో, ఆ సందేశం తెర మీదకి వస్తోంది. 6.12లో దానికి క్యూఆర్ కోడ్ కూడా తోడైంది.