లిస్ట్‌వ్యూలో క్వెరీ ఫలితాలు: అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఫీడ్ షాపులకు, రొయ్యలు కొనేవాళ్లకు విండోస్ ప్రోగ్రాములు రాసిపెట్టడం నా పని. గుమాస్తా తెర మీది లిస్ట్‌లో ఏ అంకె చూస్తే ఆ అంకెతోనే రైతుకు డబ్బు లెక్కగడతాడు. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆ లిస్ట్ గురించి ఏం నమ్ముతున్నారన్నది నాకు చాలా ముఖ్యం. ఇక్కడ చెప్పేది డాట్‌నెట్ విండోస్ ఫారమ్స్‌లోని (మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ప్రోగ్రాములు రాసే సాధనం) లిస్ట్‌వ్యూ గురించి, అంటే డేటాబేస్‌ను క్వెరీతో అడిగి తెచ్చిన ఫలితాలను వరుసలు, కాలమ్‌లుగా చూపే పట్టిక గురించి.

అపోహ: సార్టింగ్ ప్రాపర్టీ పెడితే అంకెలు వరుసగా వచ్చేస్తాయి.

రావు. లిస్ట్‌వ్యూకి అంకె అంటే ఏమిటో తెలియదు. ఏ గడిలో ఏమున్నా దానికి అక్షరాలే. పైగా ఆ ప్రాపర్టీ మొదటి కాలమ్‌నే చూస్తుంది. ఆ కాలమ్‌లో రొయ్యల కౌంట్ పెట్టారనుకోండి. 100 కౌంట్ పైకి, 30 కౌంట్ కిందికి పోతుంది, ఎందుకంటే 3 కంటే 1 ముందు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. మొదటి వరుసే మంచి సరుకని గుమాస్తా అనుకుంటే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు. తేదీలదీ ఇదే గొడవ: 02-11-2024 పట్టుబడి 15-06-2024 కంటే పైన కూర్చుంటుంది.

వరుసను క్వెరీలోనే ఆర్డర్ బై రాసి తెచ్చుకోండి. అది రాయకపోతే ఏ డేటాబేసూ వరుసకు హామీ ఇవ్వదు. ఎక్కించిన వరుసలోనే వస్తున్నట్టు ఇన్నాళ్లూ కనిపించినా సరే, నమ్మకండి. హెడర్ నొక్కితే సార్ట్ కావాలంటే కాలమ్‌క్లిక్ ఈవెంట్‌లో మీరే కంపేరర్ (రెండు వరుసల్లో ఏది ముందో తేల్చే కోడ్) రాయాలి. అది తెర మీది అక్షరాలను కాదు, అసలు అంకెలను, తేదీలను పోల్చాలి.

అపోహ: వరుస మీద క్లిక్ చేస్తే అందులోని పేరుతో రికార్డు తెచ్చుకోవచ్చు.

మన ఊళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఇంటిపేరుతో సత్యనారాయణలు ఒక్క ఊళ్లోనే ముగ్గురుంటారు. ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడితే ఆ షాపులో మీ ప్రోగ్రాం మీద మళ్లీ నమ్మకం రాదు. ప్రైమరీ కీని (ప్రతి రికార్డుకూ వేరుగా ఉండే గుర్తింపు) ప్రతి ఐటమ్ ట్యాగ్‌లో (తెర మీద కనిపించని చోటు) దాచి, దానితోనే వెతకండి. వరుస నంబరునూ నమ్మొద్దు, సార్ట్ చేయగానే మారిపోతుంది.

అపోహ: ఖాళీ గడి అంటే సున్నా.

డేటాబేస్‌లోని నల్ విలువను (ఏమీ నింపలేదన్న గుర్తు) టుస్ట్రింగ్‌తో అక్షరాలుగా మార్చి తెస్తే తెర మీద ఖాళీగా కనిపిస్తుంది, అంతే. క్వెరీలో మొత్తంలోంచి అడ్వాన్సు తీసేసి బాకీ చూపిస్తున్నప్పుడు అడ్వాన్సు నల్ అయితే బాకీ కూడా నల్ అవుతుంది. అంటే అడ్వాన్సే తీసుకోని రైతుకు మనం ఇవ్వాల్సింది తెర మీద ఖాళీ! ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో అయితే నల్ బదులు సున్నా తీసుకునేలా కోలెస్ ఫంక్షన్ వాడండి. యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ వారి చిన్న డేటాబేస్) ఫైలును బయటి ప్రోగ్రాం నుంచి చదివేటప్పుడు అదే పని చేసే ఎన్‌జెడ్ ఫంక్షన్ పనిచేయదు, ఐఐఎఫ్‌తో (నల్ అయితే ఇది, లేకపోతే అది అని) రాసుకోవాలి.

అపోహ: లిస్ట్ నెమ్మదిగా నిండుతోందంటే కంప్యూటర్ మార్చాలి.

ముందు బిగిన్‌అప్‌డేట్, ఎండ్‌అప్‌డేట్ మధ్య నింపి చూడండి. అవి లేకపోతే ఐటమ్ కలిపిన ప్రతిసారీ లిస్ట్ మళ్లీ గీసుకుంటుంది. వేలకు వేల వరుసలైతే వర్చువల్ మోడ్ ఉంది, 2005లో వచ్చిన డాట్‌నెట్ 2.0 నుంచీ ఉంది. కనిపించే వరుసలనే అడిగి తెచ్చుకుంటుంది. ఆ మోడ్‌లో లిస్ట్ తనంతట తాను సార్ట్ చేయదు. అయినా, అన్ని వేల వరుసలు కిందికి జరుపుతూ చూసే తీరిక ఏ గుమాస్తాకుంది? ఈ పంట వరకే చూపించి, పాతవి అడిగితే తేవడం మేలు.

అపోహ: తేదీ ఎలా రాసినా డేటాబేస్ అర్థం చేసుకుంటుంది.

యాక్సెస్ క్వెరీలో హ్యాష్ గుర్తుల మధ్య 05/04/2024 అని రాస్తే ఏప్రిల్ 5 కాదు, మే 4. ఎర్రర్ రాదు, తప్పు లిస్ట్ వస్తుంది. తేదీని క్వెరీ వాక్యంలో రాయకుండా పారామీటర్లతో, అంటే విడిగా విలువగా, పంపండి.

అపోహ: తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తే ఫాంట్ లోపం.

ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ కాలమ్‌ను మామూలు వార్‌చార్‌గా (తెలుగు లిపి పట్టని రకం) పెట్టి ఉంటారు, లేదా తెలుగు మాట ముందు ఎన్ అక్షరం పెట్టకుండా క్వెరీలో రాసి ఉంటారు. కాలమ్‌ను ఎన్‌వార్‌చార్‌కు (తెలుగు లిపి పట్టే రకం) మార్చి, ఆ ఎన్ కూడా పెడితే ఇకపై ఎక్కించే పేర్లు బాగుంటాయి. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పేర్లను మాత్రం పాత పుస్తకం చూసి మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.