గేజ్ సౌష్ఠవం: లెక్కల సౌకర్యమా, ప్రకృతి పెట్టిన షరతా?

నెల్లూరు, ఒంగోలు ఫిజిక్స్ లెక్చరర్ల మధ్య పాత పేచీ మళ్లీ రాజుకుంది. ఈసారి నెల్లూరులో ఒక పీజీ సెమినార్ చివర్లో. సమీకరణాల్లో కొన్ని రాశులను చోటుచోటుకీ మన ఇష్టం వచ్చినట్టు మార్చి రాసినా ఫలితం మారకపోవడమే గేజ్ సౌష్ఠవం. అది సిద్ధాంతాలను నిజంగా కట్టడి చేస్తుందా, లేక మన లెక్కల్లో మనమే పెట్టుకున్న అదనపు బరువా?

 

అదనపు బరువు అనేవాళ్ల మాట ఇది: సోమశిల డ్యామ్ నీటిమట్టాన్ని సముద్రమట్టం నుంచి లెక్కించినా, నది అడుగు నుంచి లెక్కించినా గేటు మీద ఒత్తిడి మారదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది మన ఇష్టమైనప్పుడు, అది ప్రకృతిని ఎలా శాసిస్తుంది? ఫోటాన్‌కు (కాంతి కణానికి) ద్రవ్యరాశి ఇస్తే మామూలుగా గేజ్ సౌష్ఠవం పోతుంది; స్విస్ భౌతిక శాస్త్రవేత్త స్టూకెల్‌బెర్గ్ 1938లోనే ఒక క్షేత్రాన్ని అదనంగా చేర్చి, దానికి కూడా ఆ సౌష్ఠవం తెప్పించాడు. కాదనలేం.

కానీ 1972కి వచ్చేసరికి ఈ వాదన తడబడుతుంది. గేజ్ సౌష్ఠవం ఉంటే యాంగ్-మిల్స్ సిద్ధాంతం (కణాల మధ్య బలాలను వివరించే గేజ్ సిద్ధాంతం) లెక్కల్లో వచ్చే అనంతాలను అదుపు చేయవచ్చని అంతకు ముందు ఏడాదే డచ్ శాస్త్రవేత్త ట్ హోఫ్ట్ చూపించాడు. అయితే క్వాంటం స్థాయిలో సౌష్ఠవమే చెడిపోవచ్చని ఆడ్లర్, బెల్, జాకివ్ 1969లోనే బయటపెట్టారు. అది చెడితే విద్యుదయస్కాంత, బలహీన బలాలను కలిపి చెప్పే ఎలక్ట్రోవీక్ సిద్ధాంతం నిలవదు. బూషియా, ఇలియోపౌలోస్, మేయర్ 1972లో దారి చూపారు: కణాల విద్యుదావేశాలన్నీ కలిపితే సున్నా రావాలి.

లెక్క ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు. ఎలక్ట్రాన్‌కు -1, న్యూట్రినోకు 0. ప్రోటాన్, న్యూట్రాన్‌లలో ఉండే అప్ క్వార్క్‌కు 2/3, డౌన్‌కు -1/3; రెండూ కలిపి 1/3, మూడు రంగులకు (ప్రతి క్వార్కూ మూడు రకాలుగా ఉంటుంది, వాటికి పెట్టిన పేరే రంగు) 1. ఈ కణాల కుటుంబం మొత్తం సున్నా. ఇవే ఆవేశాలతో రంగులు నాలుగైతే కుదరదు. ఎలక్ట్రాన్ ఆవేశానికీ క్వార్కుల ఆవేశాలకూ సంబంధం ఉండి తీరాలన్నమాట. ఇష్టమొచ్చినట్టు మార్చుకునే రాతకు ఇంత పట్టుదల ఎక్కడిది?

రెండో కుటుంబం లెక్క సరిపోవడానికి కావాల్సిన చార్మ్ క్వార్క్ అప్పటికి దొరకలేదు, 1974లో దొరికింది. తర్వాత మూడో కుటుంబం నుంచి టావ్ లెప్టాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, ఇంకా బరువైనది), 1977లో బాటమ్ క్వార్క్ వచ్చాయి. లెక్క సరిపోవాలంటే బాటమ్‌కు జోడీ ఉండాల్సిందే. 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ఆ జోడీ, టాప్ క్వార్క్, కనిపించింది. దాని ద్రవ్యరాశి, సుమారు 173 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఎంతుండాలో గేజ్ సౌష్ఠవం మాత్రం చెప్పలేదు. కట్టడి పక్షంవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

స్టూకెల్‌బెర్గ్ కిటుకుకూ హద్దుంది. కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం లేకుండా, బలహీన బలాన్ని మోసే డబ్ల్యూ కణాలకు దాన్నే వాడితే, సుమారు 1 టెరా ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర లెక్కలో సంభావ్యత 1 దాటిపోతుంది, అంటే లెక్కకే అర్థం ఉండదు.

సెమినార్ ఆగింది మరో ప్రశ్న దగ్గర. ఒక్క కుటుంబంతోనే లెక్క సున్నా అవుతుంటే, కణాలకు మూడు కుటుంబాలెందుకు? దానికి గేజ్ సౌష్ఠవంలో జవాబు లేదు.