అడ్డగుణకారం చేసే అల్లరి

బెంగళూరు మారతహళ్ళిలో ఉన్న మా అక్కయ్య ఇంటికి ఆదివారం వెళితే, కాఫీ కంటే ముందు ఒక లెక్క ఎదురొచ్చింది. మేనకోడలు రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) చదువుతోంది. 3/(య − 2) > 1 అనే అసమీకరణాన్ని రెండే వరుసల్లో తేల్చేసింది: అడ్డగుణకారంతో హారాన్ని అవతలికి పంపితే 3 > య − 2, కాబట్టి య < 5. పుస్తకం వెనుక జవాబు మాత్రం 2 < య < 5 అని ఉంది. "అచ్చుతప్పేమో మామయ్యా" అంది. (తెలియని రాశిని భాస్కరాచార్యుడు 'యావత్తావత్' అని, పొట్టిగా 'యా' అని రాశాడు. నా 'య' అక్కడిదే.)

య స్థానంలో సున్నా వేసి చూడమన్నాను. సున్నా ఐదు కంటే చిన్నదే. కానీ 3ని −2తో భాగిస్తే −1.5 వస్తుంది. అది ఒకటి కంటే పెద్దది కాదుగా! పిల్ల పెన్ను పక్కన పెట్టింది.

వాళ్ళ అపార్ట్‌మెంటు లిఫ్టులో నేల కింది పార్కింగ్ అంతస్తులకు −1, −2, −3 అని బటన్లున్నాయి. నేల పైన ఒకటి కంటే మూడు ఎత్తు. నేల కింద −3 కంటే −1 ఎత్తు. −1తో గుణించడమంటే భవనాన్ని నేలమట్టం దగ్గర తలకిందులు చేయడమే. పైనున్నది కిందికి పోతుంది, గుర్తు తిరగబడుతుంది. సమీకరణానికి ఈ బాధ లేదు, సమానమైనవి తలకిందులైనా సమానమే.

మరి య − 2 ధనమో ఋణమో తెలియకుండా దానితో గుణిస్తే? అది ఒక లెక్క కాదు, రెండు. య > 2 అయితే గుర్తు మారదు, య < 5 వస్తుంది. య < 2 అయితే గుర్తు తిరగబడి య > 5 వస్తుంది; రెండు కంటే చిన్నదై ఐదు కంటే పెద్దదైన సంఖ్య ఎక్కడా లేదు. మొదటిదే మిగిలింది.

ఈ తప్పుకు పిల్లను తిట్టలేను. రోజూ మనం చూసే హారాలన్నీ ధనాత్మకాలే. 12 కిలోమీటర్లు అరగంటలో చేరాలంటే గంటకు కనీసం 24 కిలోమీటర్ల వేగం కావాలి. 12/వేగం ≤ 1/2 అనే ఆ లెక్కలో అడ్డగుణకారం నిశ్చింతగా చేయవచ్చు, వేగం ఋణం కాదు కనుక. (ఈ ఊరి రోడ్ల మీద సున్నా అవుతుంది, అది వేరే సంగతి.)

నాకు నచ్చిన దారి వేరు. అంతా ఒకవైపు తెస్తే (5 − య)/(య − 2) > 0. లవమో హారమో సున్నా అయ్యే చోటనే, అంటే 2, 5 దగ్గరే గుర్తు మారగలదు. అవి సంఖ్యారేఖను విడగొట్టే మూడు ముక్కల్లో ఒక్కో సంఖ్య వేసి చూస్తే చాలు. '>' బదులు '≥' ఉంటే 5 లోపలికి వస్తుంది, 2 ఎన్నటికీ రాదు. ముక్క మారగానే ప్లస్, మైనస్ అని వంతులవారీగా రాసుకుంటూ పోయే చిట్కాను మాత్రం నమ్మను. (య − 4)/(య − 1)² < 0 లో 1 దాటినా గుర్తు మారదు, వర్గం కదా. జవాబు: ఒకటి తప్ప, నాలుగు కంటే చిన్నవన్నీ.

ధన ఋణాల గుణకార నియమాలను బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. '<', '>' గుర్తులు అచ్చులో కనిపించింది 1631లో, ఇంగ్లండు గణితవేత్త థామస్ హారియట్ చనిపోయాక వెలువడిన ఆయన పుస్తకంలో. తిప్పే సూత్రం వెయ్యేళ్ళ ముందే ఉంది, తిరగాల్సిన గుర్తే ఆలస్యంగా వచ్చింది.

వెళ్ళే ముందు 1/య < 1/2 ఇచ్చాను. "య > 2" అని టక్కున రాసింది. కాసేపు కాగితాన్నే చూసి, కింద ఇంకో వరుస చేర్చింది: లేదా య < 0.