తొమ్మిది పౌన్ల పదిహేను పెన్నీల చొక్కా: చైనా ఇంగ్లిష్ పరీక్షలో వ్యాకరణానిదీ వినికిదీ నలభై ఏళ్ల పెనుగులాట

చైనాలో 2000ల తరువాత హైస్కూలు చదువు ముగించినవారిలో చాలామందికి ఒక చొక్కా ధర ఇప్పటికీ గుర్తుంటుంది. అది తొమ్మిది పౌన్ల పదిహేను పెన్నీలు. విశ్వవిద్యాలయ ప్రవేశాల కోసం ఏటా జూన్‌లో జరిగే గావోకావ్ పరీక్షలో ఇంగ్లిష్ పత్రం లిజనింగ్ విభాగంతో మొదలవుతుంది. అసలు ప్రశ్నలకు ముందు ఒక నమూనా ప్రశ్న వినిపిస్తారు. చొక్కా ఎంత అని అడిగి, ఇచ్చిన మూడు ధరల్లో సరైనదేదో గుర్తించమనే ఆ నమూనా ఏళ్ల తరబడి మారకుండా వచ్చింది. జవాబు కూడా దాని కిందనే అచ్చయి ఉంటుంది. అందువల్ల అది వినిపిస్తున్నంతసేపూ అనుభవమున్న విద్యార్థులు చెవి అటు పెట్టరు. ముందున్న అసలు ప్రశ్నలను గబగబా చదువుకుంటారు. వినడానికి పెట్టిన పరీక్షలో పిల్లలు ముందుగా నేర్చే మెళకువ వినకుండా ఉండటమే కావడం విచిత్రంగా తోచవచ్చు గానీ, ఈ పరీక్ష చరిత్ర తెలిసినవారికి అందులో వింతేమీ కనిపించదు. ఏది అడిగితే మార్కులు వస్తాయో దాన్నే బడి నేర్పుతుంది. ఏది అడగాలన్నది మాత్రం భాషాశాస్త్రం ఒక్కటే నిర్ణయించలేదు, పరీక్ష గదిలో ఉన్న సదుపాయాలూ లక్షలాది జవాబుపత్రాలను ఒకే కొలతతో దిద్దవలసిన అవసరమూ కూడా నిర్ణయించాయి.

సాంస్కృతిక విప్లవం మొదలైన 1966లో ఆగిపోయిన ప్రవేశ పరీక్షను 1977 డిసెంబరులో పునరుద్ధరించినప్పుడు సుమారు 57 లక్షల మంది హాజరుకాగా, దాదాపు 2 లక్షల 70 వేల మందికే సీట్లు దక్కాయి. పొలాల్లో, కర్మాగారాల్లో పదేళ్లు గడిపి వచ్చిన ఆ తరంలో ఇంగ్లిష్ తెలిసినవారు అరుదు. 1950లలో సోవియట్ స్నేహం వల్ల బడులలో రష్యన్‌కు పెద్దపీట వేశారు, ఆ తరువాత బడులే సరిగా నడవలేదు. అందుకే ఇంగ్లిష్‌ను ఒక్కసారిగా కాక మెట్టుమెట్టుగా పరీక్షలోకి ఎక్కించారు. 1978లో విదేశీ భాషా పత్రం రాయించినా మార్కులు మొత్తంలో కలపలేదు. 1979లో పది శాతం, 1980లో ముప్పై, 1981లో యాభై, 1982లో డెబ్భై శాతం చొప్పున కలుపుతూ వచ్చి, 1983 నాటికి నూటికి నూరూ లెక్కలోకి తెచ్చారు. ఇంగ్లిష్ టీచర్లు తగినంతమంది లేని దేశం అంతకన్నా వేగంగా నడవగలిగేది కాదు.

ఆ తొలి పత్రాలలో అడిగింది ప్రధానంగా వ్యాకరణ జ్ఞానమూ అనువాదమూను. ఖాళీలో క్రియ సరైన రూపం రాయడం, చైనీస్ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం వంటివి అందులో ఉండేవి. ఇది చేతగాక చేసిన పని అనలేము. చైనీస్ భాషలో క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు, నామవాచకానికి ఏకవచన బహువచన భేదం రూపంలో కనబడదు, ఆర్టికల్స్ లేవు; ‘అతడు’ అన్నా ‘ఆమె’ అన్నా రాతలో తేడా ఉంది గానీ ఉచ్చారణలో రెండూ ‘తా’యే. తెలుగులోనూ ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ఎ’, ‘ద’ల దగ్గర మన పిల్లలు పడే తికమక మనకు తెలిసినదే, కానీ క్రియకు కాలాన్నీ కర్తనూ బట్టి ప్రత్యయాలు తగిలించే అలవాటు మనకు పుట్టుకతో వస్తుంది, చైనా విద్యార్థికి అది కూడా కొత్త. కాబట్టి వ్యాకరణం మీద ఒత్తిడి పెట్టడం సహజమే. చిక్కల్లా అక్కడే ఆగిపోవడం వల్ల వచ్చింది. నియమాలన్నీ వల్లించగలిగి, ఎదుటివారు ఇంగ్లిష్‌లో పలకరిస్తే జవాబివ్వలేని చదువుకు చైనీయులే ‘మూగ ఇంగ్లిష్’ అని పేరు పెట్టారు.

మార్పు దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చింది. గ్వాంగ్‌జౌ విదేశీ భాషల సంస్థలో భాషాశాస్త్రవేత్త గుయి షిచున్, ఆయన సహచరురాలు లి షియావోజు వంటివారు రూపొందించిన ప్రామాణిక పరీక్షను 1985లో ఆ రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా పెట్టారు. మెట్ (మెట్రిక్యులేషన్ ఇంగ్లిష్ టెస్ట్) అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ పరీక్ష ఉద్దేశం, విద్యార్థికి ఇంగ్లిష్ గురించి ఎంత తెలుసునన్నది పక్కనపెట్టి, ఇంగ్లిష్‌ను ఎంత వాడగలడన్నది కొలవడం. పరీక్షను మారిస్తే బోధన దానంతటదే మారుతుందని వారు దాచకుండా ఆశించారు. పఠనానికి బలం పెరిగింది, బడులలో పాఠ్యపుస్తకం బయట చదవడమూ కొంత పెరిగింది. 1980ల చివరికల్లా ఈ నమూనా దేశవ్యాప్తమైంది. 1990లలో ఇంగ్లిష్ పత్రం 150 మార్కులకు పెరిగి చైనీస్, గణితాల సరసన నిలబడింది.

అయితే ఈ సంస్కరణ వెంట వచ్చిన బహుళైచ్ఛిక ప్రశ్న, వ్యాకరణాన్ని కొత్త వేషంలో తిరిగి సింహాసనం ఎక్కించింది. ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద నాలుగు జవాబులు. మన పిల్లలు ‘బిట్లు’ అని పిలిచే ఈ తరహా ప్రశ్నలు చాలాకాలం పాటు జాతీయ పత్రంలో పదిహేను ఉండేవి, ఒక్కొక్కదానికి ఒక మార్కు. యంత్రం దిద్దుతుంది, పక్షపాతానికి తావులేదు, లక్షల మందికి ఒకే కొలబద్ద. పరీక్షలు పెట్టేవారికి ఇంతకన్నా కావలసినదేముంది? బోధన మాత్రం మళ్లీ చిల్లర నియమాల వేటగా మారింది. సంబంధ సర్వనామాల్లో ఏది ఎక్కడ, వాక్యం తలకిందులుగా ఎప్పుడు రాయాలి, జరగని దాన్ని ఊహించి చెప్పేటప్పుడు క్రియ ఏ రూపంలో ఉండాలి వంటి సూక్ష్మాలు అభ్యాస పుస్తకాల నిండా పేరుకున్నాయి. ప్రశ్నకర్త ఉచ్చు పన్నడం, టీచరు ఆ ఉచ్చును ముందుగా ఊహించి చెప్పడం ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. ఏమీ తెలియని విద్యార్థికి కూడా నాలుగింట ఒక వంతు అదృష్టం ఉండనే ఉంటుంది.

భాషను వాడటమే గీటురాయి అన్న పరీక్షలో వినడానికి చోటు దొరకడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. 1999లో కొన్ని రాష్ట్రాలతో మొదలై, తరువాతి నాలుగైదు సంవత్సరాల్లో లిజనింగ్ విభాగం క్రమంగా మిగతాచోట్లకు చేరింది. ఆలస్యానికి ప్రధాన కారణం యంత్రాలు. ఒక జిల్లాలోని ప్రతి పరీక్ష గదిలోనూ ఒకే సమయానికి, ఒకే స్పష్టతతో టేపు వినిపించాలంటే స్పీకర్లు, రేడియో ప్రసార ఏర్పాటు, కరెంటు పోతే ఆదుకునే ప్రత్యామ్నాయం కావాలి. ఒక గదిలో స్పీకరు గరగరలాడితే ఆ గదిలోని ముప్పైమంది భవిష్యత్తు మీద దాని ప్రభావం పడుతుంది. పెద్ద నగరానికి ఇది ఖర్చు మాత్రమే. కొండప్రాంతపు జిల్లాకు మాత్రం పెద్ద సమస్య.

దాని నిర్మాణం దాదాపుగా స్థిరపడిపోయింది. మొదట ఐదు చిన్న సంభాషణలు, ఒక్కొక్కదానికి ఒక ప్రశ్న, ఒక్కసారే వినిపిస్తారు. ఆ తరువాత ఐదు పొడవైన సంభాషణలూ ప్రసంగ భాగాలూ, రెండేసిసార్లు వినిపిస్తారు. మొత్తం 20 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఒకటిన్నర మార్కు, ప్రతిదానికీ మూడేసి జవాబులు. ఇరవై నిమిషాల్లో 30 మార్కులు తేలిపోతాయి. ఇంగ్లిష్ పరీక్ష జూన్ 8 మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది కాబట్టి ఆ సమయానికి కేంద్రాల పరిసరాల్లో నిర్మాణ పనులు ఆపించడం, హారన్లు మోగించవద్దని పోలీసులు నిలబడి చూడటం అక్కడ ఏటా జరిగే ఏర్పాటు. ఒక విదేశీ భాషలో రైలు వేళల గురించీ రెస్టారెంట్ బిల్లు గురించీ ఇద్దరు మాట్లాడుకునే మాటలు వినడానికి వీధులకు వీధులు మౌనం వహించడం మరెక్కడో గానీ కనబడదు.

అయినా దేశమంతటా దాని బరువు ఒక్కటి కాలేదు. హెనాన్ వంటి జనాభా బరువైన రాష్ట్రంలో చాలాకాలం లిజనింగ్ రాయించినా ఆ మార్కులు మొత్తంలో కలపలేదు. రాతపత్రంలోని 120 మార్కులను ఒకటింపావుతో హెచ్చవేసి 150 చేసేవారు. మారుమూల పిల్లలకు అన్యాయం జరగకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. దాని ఫలితం కూడా ఊహించదగినదే. లెక్కలోకి రాని దాని మీద పన్నెండో తరగతి చదివే విద్యార్థి ఒక గంట కూడా ఖర్చుపెట్టడు, ఖర్చుపెట్టమని టీచరూ చెప్పడు. న్యాయం కోసం చేసిన మినహాయింపు ఆ పిల్లలనే వినే అభ్యాసానికి దూరం చేసింది. ఈ రెంటిలో ఏది పెద్ద అన్యాయమో తేల్చడం తేలిక కాదు గానీ, ఈ వ్యాస రచయితకు రెండోదే పెద్దదనిపిస్తుంది.

2004 నుంచి అనేక రాష్ట్రాలు సొంత ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడం వల్ల ప్రయోగాలకు వీలు చిక్కింది. ఈసారీ గ్వాంగ్‌డాంగే ముందు నడిచింది. విడి వాక్యాల బిట్ల బదులు ఒక పూర్తి పేరా ఇచ్చి అందులో ఖాళీలను విద్యార్థి స్వయంగా పూరించే పద్ధతిని 2007లో ప్రవేశపెట్టింది. 2014లో జాతీయ పత్రం కూడా ఆ దారికి వచ్చింది. సుమారు 200 మాటల పేరాలో పది ఖాళీలు, 15 మార్కులు. కొన్ని ఖాళీల పక్కన మూలపదం ఇస్తారు, దానికి సరైన రూపం రాయాలి. మిగిలిన వాటి పక్కన ఏమీ ఉండదు, అక్కడ ఆర్టికలో ప్రిపొజిషనో సంధాయక పదమో పడాలని విద్యార్థే గ్రహించాలి. ఊహించి గీత గీసే అవకాశం పోయింది, వ్యాకరణం సందర్భంలోకి వచ్చింది. నా దృష్టిలో ఈ నలభై ఏళ్లలో వ్యాకరణ పరీక్షకు జరిగిన అత్యుత్తమమైన మార్పు ఇదే. పేరాల వస్తువు కూడా ఆసక్తికరం: 2015లో యాంగ్‌షువో ప్రయాణం, 2016లో చెంగ్డూ పాండాలు, 2023లో షాంఘై వైపు ప్రసిద్ధమైన షియావోలాంగ్‌బావ్ అనే పులుసు నిండిన ఉడికించిన కుడుములు. బ్రిటిష్ పౌన్లలో చొక్కా కొనడంతో మొదలయ్యే పత్రం, వ్యాకరణం దగ్గరకు వచ్చేసరికి చైనా తన గురించి తాను ఇంగ్లిష్‌లో చెప్పుకోవడానికి వేదిక అయింది.

2014 సెప్టెంబరులో చైనా కేంద్ర మంత్రివర్గమైన స్టేట్ కౌన్సిల్ ప్రకటించిన ప్రవేశ పరీక్షల సంస్కరణ, విదేశీ భాషా పరీక్షను ఏడాదికి రెండుసార్లు రాసి మంచి మార్కును ఎంచుకునే వీలు కల్పించింది. షాంఘై, జెజియాంగ్ ముందుగా అమలుచేశాయి. ఒక్క రోజు జ్వరం జీవితాన్ని మార్చకూడదన్న ఆలోచన మంచిదే గానీ, రెండు పత్రాల కఠినత సమానంగా ఉండాలన్న షరతు దాని వెనుక ఉంది. సాధారణంగా ప్రశ్నలను ముందుగా కొంతమందిపై పరీక్షించి కఠినతను అంచనా వేస్తారు; ప్రశ్న బయటకు పొక్కితే దేశం అట్టుడికే గావోకావ్‌లో ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. 2018 నవంబరులో జెజియాంగ్‌లో జరిగిన పరీక్ష కఠినంగా వచ్చిందని అధికారులు కొన్ని ప్రశ్నల మార్కులను సవరించి ఫలితాలు విడుదల చేశారు. దాని వల్ల మేలు అందరికీ సమానంగా అందలేదు, బాగా రాసినవారు నష్టపోయామన్నారు, తల్లిదండ్రులు నిరసనకు దిగారు. రాష్ట్ర గవర్నరు ఆధ్వర్యంలోని దర్యాప్తు బృందం ఆ నిర్ణయం తప్పని తేల్చడంతో డిసెంబరు మొదటి వారంలోనే సవరణను రద్దుచేసి అసలు మార్కులను పునరుద్ధరించారు. గణాంక శాస్త్రం దృష్టిలో సవరణ నిషిద్ధమేమీ కాదు. ముందుగా చెప్పకుండా, ఎలా చేశారో వివరించకుండా చేయడమే జనాగ్రహానికి కారణమైంది.

ఇదే కాలంలో వినికి, మాట కలిసి కంప్యూటరు ముందుకు చేరాయి. గ్వాంగ్‌డాంగ్ 2011 నుంచే రాతపత్రంలోని లిజనింగ్‌ను తీసేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం, విన్నదాన్ని అనుకరించి చదవడం, ప్రశ్నలు అడగడం, జవాబులివ్వడం, కథ విని తిరిగి చెప్పడం ఉండే పరీక్ష పెట్టింది. మొదట 15 మార్కులు, 2021 నుంచి 20. బీజింగ్‌లో 2021 నుంచి 150లో 50 మార్కులు కంప్యూటరు మీద జరిగే ఈ పరీక్షవే, అందులో 30 వినికికి, 20 మాటకు. ఏడాదికి రెండు అవకాశాలు. ఇంగ్లిష్ సామర్థ్యాన్ని తొమ్మిది స్థాయులుగా వివరించే చైనా సొంత ప్రమాణం 2018లో వచ్చాక, విద్యార్థి విని ఏమి చేయగలగాలో చెప్పడానికి అధికారిక పరిభాష కూడా ఏర్పడింది. హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు సమకూర్చుకోగలిగినవి మాత్రం రాజధానీ తీరప్రాంతపు సంపన్న రాష్ట్రాలే ముందుగా కావడం 1999 నాటి స్పీకర్ల కథను గుర్తుచేస్తుంది.

ఇంగ్లిష్‌కు ఇంత బరువెందుకన్న వాదం కూడా సమాంతరంగా సాగుతూనే ఉంది. 2013లో బీజింగ్ నగరం ఇంగ్లిష్‌ను 100 మార్కులకు తగ్గించి చైనీస్‌ను 180కి పెంచాలని ముసాయిదా తెచ్చింది, కానీ అది ఆ రూపంలో అమలు కాలేదు. 2021 మార్చిలో రాజకీయ సలహా సభ సభ్యుడొకరు ఇంగ్లిష్‌ను తప్పనిసరి ముఖ్య సబ్జెక్టుల నుంచి తీసేయాలని ప్రతిపాదించినప్పుడు సామాజిక మాధ్యమాలు రెండుగా చీలాయి. పిల్లల భారం తగ్గుతుందని కొందరు, డబ్బున్నవారి పిల్లలు ఎలాగూ నేర్చుకుంటారు, నష్టపోయేది పల్లె పిల్లలేనని మరికొందరు వాదించారు. విద్యా మంత్రిత్వ శాఖ ఆ ప్రతిపాదనను అంగీకరించలేదు. 2024లో గావోకావ్‌కు నమోదు చేసుకున్న కోటీ 34 లక్షల మందికి విదేశీ భాష 150 మార్కుల సబ్జెక్టుగానే ఉంది. వారిలో కొందరు ఆ ఏడాది లిజనింగ్ విభాగాన్ని జనవరిలోనే ముగించుకున్నారు, కొందరు జూన్ 8 మధ్యాహ్నం స్పీకరు ముందు కూర్చున్నారు.