చిన్న కొండే కదా అనుకోకండి: స్కీయింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: కొండ చిన్నదైతే ట్రైల్స్ (స్కీలతో జారి దిగే మంచు దారులు) కూడా తేలికే.

స్కీయింగ్ నేర్పే పనిలో ఉన్న నాకు ప్రతి శీతాకాలం ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. "పెద్ద రిసార్ట్‌లో బ్లూ ట్రైల్స్ అన్నీ దిగేశాం, ఇదెంత?" అంటూ నేరుగా పైకి వెళ్లిపోతారు.

వాస్తవం: ఉత్తర అమెరికాలో గ్రీన్ (తేలిక), బ్లూ (మధ్యస్థం), బ్లాక్ డైమండ్ (కష్టం) గుర్తులకు అన్నిచోట్లా ఒకే కొలత లేదు. ఏ కొండకు ఆ కొండ తన ట్రైల్స్‌ను ఒకదానితో ఒకటి పోల్చుకుని గుర్తులు పెడుతుంది. ఒకచోట బ్లాక్ అన్నది ఇంకోచోట బ్లూ కావచ్చు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న మ్యాడ్ రివర్ గ్లెన్ అనే స్కీ కొండనే చూడండి. 1995 నుంచి స్కీయర్ల సహకార సంఘమే దాన్ని నడుపుతోంది. పైనుంచి కిందికి సుమారు 2,000 అడుగులు, రాకీ పర్వతాల రిసార్టుల ముందు తక్కువే. కానీ అక్కడ ఇరుకు ట్రైల్స్, మొగల్స్ (మంచు గుబ్బలు), చెట్ల మధ్య మలుపులు. మంచు చాలావరకు ఆకాశం నుంచి పడిందే, అది పలచబడితే రాళ్లు, వేర్లు పైకి తేలతాయి. గ్రూమింగ్ చేసిన (యంత్రంతో మంచును చదును చేసిన) వెడల్పాటి దారిలో వచ్చిన ధైర్యం ఇలాంటిచోట మూడో మలుపు దాకా కూడా నిలవదు.

ఒకసారి ఒకావిడ ఏటవాలు మధ్యలో బిగుసుకుపోయి కనిపించింది. భయంతో కొండవైపు ఒరిగిపోతోంది. భయపడితే అందరూ చేసేది అదే. అలా ఒరిగితే కింది స్కీ అంచు పట్టు వదిలేస్తుంది. "బరువు కింది కాలి మీద వేయండి, మోకాలి కింది ఎముకను బూటు ముందుభాగానికి ఆనించండి" అని చెబుతూ సైడ్ స్లిప్‌లో (స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి పక్కకు జారుతూ) కొంచెం కొంచెంగా దింపాను. తప్పు ఆవిడది కాదు, "బ్లూనే కదా, ఏం కాదు" అని లాక్కొచ్చిన స్నేహితులది. తెలియని కొండ గురించి ఇలా భరోసా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వెళ్లగానే ముందు అక్కడి అన్నిటికన్నా తేలికైన ట్రైల్ దిగి చూడండి. ఆ కొండ లెక్క ఏమిటో అదే చెప్పేస్తుంది. ఈరోజు ఎక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ మంచు బాగుందో స్కీ పెట్రోల్ (కొండమీద భద్రత చూసే సిబ్బంది) వాళ్లను అడగండి.

మిగతావి క్లుప్తంగా.

అపోహ: చెట్ల మధ్య పడినా మెత్తటి మంచే కదా. కొత్త మంచు బాగా పడినప్పుడు కొమ్మల కింద, మాను చుట్టూ లోతైన గుంత దాగి ఉంటుంది. అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటపడటం చాలా కష్టం. తోడున్న మనిషి కంటికి కనిపించేంత దగ్గరలో ఉండాలి.

అపోహ: మూసేసిన చోట కట్టిన తాడు దాటి నలుగురు వెళ్లారంటే ఫరవాలేదు. తాడెందుకు కట్టారో పైనుంచి కనపడదు. దాటకండి.

అపోహ: పైకి వెళ్లాక దిగలేనంటే నామోషీ. టెన్షన్ పడకండి. కొన్ని లిఫ్టుల్లో ఆపరేటర్‌ను అడిగితే కూర్చోబెట్టి కిందికి పంపిస్తారు. అది కుదరకపోతే స్కీ పెట్రోల్ వాళ్లను పిలవమనండి.