గూడు వదిలేసి కోస్తే సరిపోతుందా? గడ్డినేల పక్షుల గురించి అపోహలు – వాస్తవాలు

"గూడెక్కడుందో చూపించండి, అంతవరకు వదిలేసి మిగతాది కోసేస్తాను. సరిపోతుందిగా?"

గడ్డికోతలు మొదలయ్యే ముందు నేను ఎక్కువగా వినే మాట ఇది. అడిగేవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు. యూరప్ పచ్చికల్లో నేల మీద గూడు పెట్టే పక్షులను వెతకడం, ఆ పొలం రైతుతో కూర్చుని కోత తేదీలు మాట్లాడుకోవడం నా పని. వంపు తిరిగిన పొడవాటి ముక్కున్న కర్లూ, తిన్నటి పొడవు ముక్కున్న గాడ్‌విట్, ఎత్తైన గడ్డిలో దాక్కునే కార్న్‌క్రేక్, తలమీద కుచ్చు ఉండే అక్కడి తీతువు... వీటి గురించి చెలామణిలో ఉన్న అపోహల్లో కొన్ని రైతులవి, కొన్ని పక్షి ప్రేమికులవి. ఒకటి రెండు ఒకప్పుడు నావి కూడా.

అపోహ: గూడు దక్కితే పిట్ట దక్కినట్టే

పిచ్చుక పిల్లల్లాగా ఈ పక్షుల పిల్లలు గూట్లో కూర్చుని నోళ్లు తెరుచుకుని మేత కోసం ఎదురుచూడవు. కర్లూ పిల్ల గుడ్డులోంచి బయటపడి ఒళ్లు ఆరగానే లేచి నడుస్తుంది. తల్లిదండ్రులు కాపలా కాస్తాయి, చలేస్తే రెక్కల కింద పెట్టుకుంటాయి, అంతే. పురుగులు మాత్రం తనే ఏరుకుని తినాలి. కాబట్టి ఒకటి రెండు రోజులకే గూడు ఖాళీ అయిపోతుంది. మీరు జాగ్రత్తగా వదిలేసిన ఆ గడ్డి ముక్కలో మహా అయితే పెంకు ముక్కలుంటాయి, పిల్లలేమో మీరు రేపు కోయబోయే వైపు తిరుగుతుంటాయి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. కర్లూ నాలుగు గుడ్లు పెట్టడానికి దాదాపు వారం. పొదగడానికి సుమారు 28 రోజులు. పిల్ల ఎగరగలగడానికి ఇంకో 5 వారాలు. మొత్తం 70 రోజులు. సైలేజ్ (పచ్చిగడ్డిని పులియబెట్టి నిల్వ చేసే మేత) కోసం ఎరువేసి పెంచే పొలంలో ఒక కోతకూ ఇంకో కోతకూ మధ్య 4 నుంచి 6 వారాలే ఉంటాయి. ఏ తేదీ నుంచి మొదలుపెట్టినా ఈ రెండు లెక్కలూ కుదరవు. వెనకటి రోజుల్లో నడివేసవి దాటాక ఎండుగడ్డికి ఒకే ఒక్క కోత ఉండేది. అప్పుడు ఎవరూ పక్షులను కాపాడాలని అనుకోలేదు. అయినా అవి బతికాయి.

ప్రమాదం అనిపిస్తే పిల్ల పరుగెత్తదు, కదలకుండా నేలకు కరుచుకుపోతుంది. నక్క దగ్గర ఆ తెలివి పనికొస్తుంది, గడ్డికోసే యంత్రం బ్లేడు దగ్గర కాదు. ఒకసారి ట్రాక్టర్‌కు ముందు నడుస్తూ బూటు ఎత్తి, దించబోయి ఆగాను. ముందు కన్ను కనిపించింది. ఆ తర్వాత దాని చుట్టూ ఉన్న పిల్ల కనిపించింది. ఎండిన పేడ పెళ్ల రంగు నూగు, మీద నల్లటి మచ్చలు, ఇంకా పొడవు సాగని ముక్కు. జానెడు దూరంలో నిలబడ్డా ఊపిరి తప్ప ఏదీ కదల్లేదు. ట్రాక్టర్ సీటు మీంచి అది కనబడే అవకాశమే లేదు. అందుకే డ్రైవర్లను తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: రెక్కలున్న పిట్టలే కదా, చప్పుడుకి అవే పోతాయి

కార్న్‌క్రేక్ ఆఫ్రికా నుంచి ఎగిరి వస్తుంది. వచ్చాక మాత్రం కాళ్లతోనే కాపురం. ఎత్తైన గడ్డిలోంచి బయటికి రావాలంటే దానికి మహా భయం. అలవాటు ప్రకారం పొలం అంచున మొదలుపెట్టి చుట్లు తిరుగుతూ లోపలికి కోస్తాం. చుట్టు చుట్టుకీ గడ్డి తగ్గుతుంది, పిట్టలు మధ్యలోకి జరుగుతాయి. చివరి రెండు చాళ్లలో తల్లీ పిల్లలూ అందరూ ఉంటారు. కోసేసిన ఖాళీ నేల దాటే ధైర్యం వాటికి ఉండదు.

దీనికి మందు చాలా చవక. మధ్యలో మొదలుపెట్టి బయటికి కోసుకుంటూ రావాలి. వేగం తగ్గించాలి. ఒక అంచున కొన్ని మీటర్ల గడ్డి కోయకుండా ఉంచాలి. మొదటి రెండు మూడు మలుపులు కాస్త ఇబ్బందిగా ఉంటాయి, ఆ తర్వాత చేతికి అలవాటైపోతుంది. బ్రిటన్‌లో 1993 లెక్కల్లో కూసే మగ కార్న్‌క్రేక్‌లు 500 లోపే తేలాయి. ఇలా కోయడం, కోత ఆలస్యం చేసిన రైతులకు డబ్బు చెల్లించడం మొదలయ్యాక 2014 నాటికి ఆ సంఖ్య 1,200 దాటింది. ఆ తర్వాత మళ్లీ కొంత తగ్గింది. ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు మరి.

అపోహ: ఏటా కనబడుతున్నాయి, కాబట్టి బాగానే ఉన్నాయి

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కర్లూ దీర్ఘాయుష్షు గల పక్షి. 30 ఏళ్లు దాటి బతికిన దాఖలా ఉంది. పెద్దవి ఏటా తమ పాత పొలానికే తిరిగి వస్తాయి. మీరు వింటున్న కూతలు పదేళ్లుగా అదే జంటవి కావచ్చు. పిల్లలంతా వెళ్లిపోయి ముసలివాళ్లు మిగిలిన ఊళ్లో కూడా సాయంత్రం అరుగు మీద మాటలు వినబడతాయి కదా, అలాగన్నమాట. సంఖ్య నిలబడాలంటే సుమారుగా రెండు జంటలకు ఏటా ఒక పిల్లయినా ఎగిరే దశకు రావాలి. కాబట్టి ఎన్ని జంటలు వచ్చాయని కాదు, జులైలో ఎన్ని పిల్లలు ఎగిరాయని అడగాలి.

అపోహ: గుడ్లు పోతే మళ్లీ పెడతాయిగా

తీతువు రెండు మూడుసార్లు కూడా పెడుతుంది. కర్లూ మహా అయితే ఇంకొక్కసారి. కానీ మళ్లీ పెట్టిన గూడు సరిగ్గా చిగురిస్తున్న గడ్డిలో ఉంటుంది, రెండో కోత దాని నెత్తి మీదే పడుతుంది. ఉత్తర అమెరికాలో బాబొలింక్ అనే చిన్న పిట్ట కోసం దీనికో ఉపాయం కనిపెట్టారు. మొదటి కోత బాగా ముందే చేసేసి, తర్వాత 65 రోజులు పొలాన్ని ముట్టుకోరు. మొదటి గడ్డిలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి కాబట్టి పాడి రైతుకూ నచ్చింది. అయితే బాబొలింక్ పిల్లలు త్వరగా ఎగురుతాయి. కర్లూకు ఈ లెక్క అంత తేలిగ్గా అతకదు. ఒక పక్షి తేదీలు తెచ్చి ఇంకో పక్షికి అంటగట్టకూడదు.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే గూడు వదిలేస్తాయి

చెయ్యి వాసన సమస్య కాదు. మనం తొక్కిన దారి, మనల్ని చూస్తున్న కాకి, ఇవీ సమస్యలు. కొత్తలో నేను గూటికి రెండడుగుల దూరంలో ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతి, పెద్ద పని చేసినట్టు ఇంటికి వెళ్లాను. మర్నాడు ఆ కర్ర మీదే కాకి కూర్చుని ఉంది. గూట్లో ఒక్క గుడ్డూ లేదు. ఇప్పుడు గుర్తు చాలా దూరంగా, గడ్డి ఎత్తుకు మించకుండా పెడతాను, వెళ్లిన దారినే తిరిగి రాను. వీలైతే తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పుడు ఒంటి వేడిని పసిగట్టే థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్‌తో చూస్తే అసలు పొలంలో అడుగే పెట్టక్కర్లేదు.

అపోహ: వ్యవసాయం మానేస్తే ప్రకృతే చూసుకుంటుంది

ఇది పక్షి ప్రేమికుల అపోహ. కొన్నేళ్లు కోయకుండా, మేపకుండా వదిలేస్తే పచ్చిక ముళ్లపొదలైపోతుంది. నక్కకు దాక్కునే చోటు, కాకికి కాపలా కొమ్మ. కర్లూకు దూరం కనబడాలి, గాడ్‌విట్ పిల్లలకు కాళ్లు ఆడేంత పల్చటి గడ్డి కావాలి. ఈ పక్షులకు పశువులు కావాలి, కోత కావాలి. ఎన్ని పశువులు, ఎప్పుడు కోత అన్నదగ్గరే పేచీ.

అపోహ: కోత తేదీ జరిపితే చాలు

ఇది మా రంగం అపోహ. నేనూ చాన్నాళ్లు నమ్మాను. నల్లతోక గాడ్‌విట్ 2015లో నెదర్లాండ్స్ జాతీయ పక్షిగా ఎన్నికైంది. ఒకప్పుడు ఆ దేశంలో లక్ష జంటలకు పైగా ఉండేవి, ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేవు. అక్కడ కోత ఆలస్యం చేసినందుకు రైతులకు డబ్బులిచ్చారు. 2001లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూస్తే, ఒప్పందం ఉన్న పొలాల్లో పక్షులు మిగతా పొలాల కంటే ఎక్కువేమీ లేవు. నేల ఎండిపోయి గట్టిబడితే పొడవాటి ముక్కు దిగదు, వానపాములు అందవు. గడ్డి మరీ ఒత్తుగా పెరిగితే పిల్ల అందులో నడవలేదు, తడిసి చలికి చచ్చిపోతుంది. కాలువకు అడ్డుకట్ట వేసి వసంతంలో నేలను తడిగా ఉంచడం, ఎరువు తగ్గించి పూల మొక్కలు రానివ్వడం, పొరుగు పొలాలను కలుపుకోవడం... ఇవి లేకుండా తేదీ ఒక్కటే ఏం చేస్తుంది?

ఇంకొకటి. "రైతుకు నష్టమేం ఉండదు" అని చెప్పడం అబద్ధం. ఆలస్యంగా కోసిన గడ్డిలో పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. పాలిచ్చే ఆవుకు అది చాలదు. వట్టిపోయిన ఆవులకు, గుర్రాలకు, పశువుల కింద పరవడానికి పనికొస్తుంది. ఆ తేడాకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఆ మాట ముందే చెబితే రైతు వింటాడు. తర్వాత తెలిస్తే మళ్లీ గేటు తీయడు.

రేపు కోత పెట్టుకున్నవాళ్లకు ఒక గుర్తు చెబుతాను. పొలంలోకి వెళ్లినప్పుడు కర్లూ నోరెత్తకుండా, వంగి నడిచి దూరంగా ఎగిరిపోతే ఇంకా గుడ్ల మీద ఉందన్నమాట. గూడు చుట్టూ విశాలంగా వదలండి. తల మీద తిరుగుతూ గోల గోల చేస్తుంటే పిల్లలు బయటికొచ్చేశాయి. అప్పుడు గూడు వెతకొద్దు. ఏ వైపు వెళితే అరుపు పెరుగుతోందో చూసి, ఆ వైపు కోత చివరికి పెట్టుకోండి.